కోనదొర ఒంటిరంగు

రాంగోపాల్‌పేట్‌లో హరికిషన్ శుభలేఖల షాపు వెనకగదిలో అందరూ నేలమీద కూర్చుని పనిచేస్తారు. ప్రేమమణికి మాత్రం ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. ఆమె మోకాళ్లు వంగడం మానేశాక హరికిషనే తెప్పించి వేశాడు. కార్డు పైభాగాన బంగారురంగు వినాయకుణ్ణి అంటించి, మడిచి, కవరులో పెట్టడం ఆమె పని. వయసు అరవై ఏడు. కళ్లలో ఒత్తిడి ఉందని రోజుకు మూడుసార్లు చుక్కలు వేసుకుంటుంది. ముహూర్తాలు దగ్గర పడితే పొద్దున వచ్చిన మనిషి సాయంత్రం దాకా తల ఎత్తదు. ఇంటికి వెళ్లాక పొయ్యి వెలిగించే ఓపిక ఉండదు. పొద్దుటి అన్నంలో ఇంత మజ్జిగ పోసుకుని తిని పడుకున్న రోజులే ఎక్కువ.

ఒక శనివారం ఆమెను వెతుక్కుంటూ దయాకర్ అనే అతను వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. ఏ.ఎస్. రావు నగర్‌లో ఇల్లు, కంప్యూటర్ ఉద్యోగం, పాత తెలుగు బొమ్మల కథల పుస్తకాలు పోగుచేసే పిచ్చి. సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు, అందులోంచి అట్టముక్క, ఆ అట్టకు ఆనించి పెట్టిన ఒక పాత మాసపత్రిక తీసి, ఆమె ఒళ్లో పెట్టడానికి కూడా భయపడుతున్నట్టు చేతుల్లోనే పట్టుకుని చూపించాడు.

"మేడం, ఇది మీరు రంగులేసిందేనా?"

ప్రేమమణి కళ్లద్దాలు చీరకొంగుతో తుడుచుకుని చూసింది. అట్టమీద చిరుతతో కలబడుతున్న కోనదొర. ఆ చిరుత మచ్చలు ఒక్కొక్కటీ తను పెట్టినవే. చెయ్యి తడి లేకుండా తుడుచుకుంది కానీ పుస్తకం ముట్టుకోలేదు.

నలభై ఏళ్ల కిందట సికింద్రాబాద్ స్టేషను వెనకవీధిలో ఒక ప్రెస్సు ఉండేది. పిల్లల మాసపత్రిక అక్కడే అచ్చయ్యేది. దానిలో నెలనెలా పదహారు పేజీలు కోనదొరవి. కారడవిలో ఉంటాడు, తోలు కట్టుకుంటాడు, ఏనుగు మాట వింటుంది, పులి దారి ఇస్తుంది. చుట్టూ ఉండే కోనవాళ్లంతా నల్లగా ఉంటారు, అతనొక్కడే తెల్లగా ఉంటాడు. అతను రాగానే వాళ్లు వంగి దండం పెడతారు. మూడేళ్లపాటు అతనెవరో, ఎక్కణ్ణుంచి వచ్చాడో కథలో ఎక్కడా లేదు. కోనదొర వాళ్ల నాన్న పేరేమిటని పిల్లలు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఎడిటర్ రామభద్రరావు చివరికి 1984 నవంబరు సంచికలో అతని పుట్టుక చెప్పేద్దామన్నాడు. అడవిలో విమానం కూలి ఒక దొర, దొరసాని చనిపోతారు. పొత్తిళ్లలో బిడ్డ బతుకుతాడు. బిడ్డను పోగొట్టుకున్న కోనమనిషి ఒకామె వాడిని ఎత్తుకుని పెంచుతుంది. కథ అంతే.

ఆ సంచికలోనే పొరపాటు జరిగింది. రెండో పేజీ నుంచి పదిహేనో పేజీ దాకా బిడ్డ ఒళ్లు, తర్వాత పిల్లవాడి ఒళ్లు, ఆ కోనతల్లి ఒంటిరంగే. పదహారో పేజీలో పెద్దవాడై కొండమీద నిలబడ్డ కోనదొర మాత్రం ఎప్పటిలాగే తెల్లగా ఉన్నాడు.

దయాకర్ తెచ్చింది ఆ సంచికే. అతను చెప్పిందేమిటంటే, పుస్తకాలు పోగుచేసేవాళ్ల మధ్య దీన్ని 'నల్ల కోనదొర సంచిక' అంటారట. అడవిలో పుట్టిపెరిగిన వాళ్లందరి మీదా ఒక తెల్లపిల్లాడు దొరతనం చెయ్యడమేమిటని కడుపు మండి, ఆ ప్రెస్సులో రంగులు వేసే మనిషి ఎవరో కావాలనే వాడిని నల్లగా చేశారని అందరి నమ్మకమట. ఆ మనిషెవరో కనుక్కోవడానికి అతనికి మూడేళ్లు పట్టింది. ఆగస్టులో చిన్న ప్రదర్శన పెడుతున్నారు. ఈ సంచికను మళ్లీ అచ్చు వేస్తున్నారు, మొదటి పేజీలో ఆమె ఫోటో వేస్తారు. ఆమె వచ్చి పది నిమిషాలు మాట్లాడితే చాలు.

"ఇన్నేండ్లు మీ పేరు ఎక్కడా పడలే మేడం. మీరు చేసింది చిన్న పని కాదు," అన్నాడు.

ప్రేమమణి అవుననలేదు, కాదనలేదు. ఆ మాట వినడానికి హాయిగానే ఉంది. ఆమె చేసిన పనిని గొప్పది అన్నవాళ్లు ఈ పుట్టుకకు లేరు. హరికిషన్ చాయ్ పంపించాడు. ఇద్దరూ తాగారు. ఆమె మౌనాన్ని దయాకర్ ఒప్పుకోలు కిందే తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, ప్రెస్సు యజమాని కొడుకును కూడా కలిశానని చెప్పాడు. ఎవరో సామ్యూల్ అనే మిషన్‌మ్యాన్ తాగొచ్చి ఇంకు చెడగొట్టాడని ఆ కొడుకు అన్నాడట. తను మాత్రం ఆ మాట నమ్మలేదన్నాడు.

ఆ తర్వాత ప్రేమమణి అంటించిన పది కార్డుల్లో వినాయకుడు పక్కకు ఒరిగాడు. హరికిషన్ చూసి, తలనొప్పిగా ఉంటే ఇంటికి పొమ్మన్నాడు. ఆమె వెళ్లింది.

సామ్యూల్ తాగడు. ఆ సంగతి ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ప్రెస్సులో దసరాకి మిషన్ల ముందు మేకను కోసి అందరూ తాగే రోజున, అతను గుమ్మం బయట కూర్చుని సోడా తాగేవాడు.

ఆ నెల జరిగింది ఇదీ. ప్రేమమణి తల్లికి పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో పదిహేను రోజులు ఉంది. ఇంట్లో ఉన్నది వీళ్లిద్దరే. ప్రేమమణి తెల్లవారకముందే లేచి వండి, తల్లికి పెట్టి, బట్టలు ఉతికి, ప్రెస్సుకు వచ్చి, కింద ట్యూబులైట్లు వెలిగే గాజుబల్ల మీద వంగి రోజంతా రంగులు వేసేది. మధ్యాహ్నం భోజనం వేళకు మళ్లీ ఆసుపత్రికి పరుగు. బొమ్మలు ఆమె దగ్గరికి మాటలు లేకుండానే వచ్చేవి. మాటలు తర్వాత అచ్చు వేసి అతికించేవారు. మామూలుగా రామభద్రరావు గదిలోకి వెళ్లి కథ అడిగి తెలుసుకునేది. ఆ నెల అడగలేదు. పైగా బొమ్మలు వేసే ఆయన మొదటి పేజీ ఆలస్యం చేసి, రెండో పేజీ నుంచే ముందు పంపాడు. విమానం లేదు, దొర లేడు, దొరసాని లేదు. ఒక కోనమనిషి, ఆమె ఒళ్లో పాలు తాగుతున్న బిడ్డ. ఆ కోనతల్లికి వేసిన రంగే ప్రేమమణి బిడ్డకూ వేసింది. ఇంకేం రంగు వేస్తుంది? ఆ బిడ్డే పదహారో పేజీలోని కోనదొర అని తట్టక, అతనికి మాత్రం ఎప్పటి తెలుపే వేసింది. అన్నీ అయిపోయాక మొదటి పేజీ వచ్చింది. అందులో బిడ్డ గుడ్డల్లో చుట్టి ఉన్నాడు, ఒళ్లు కనబడదు.

పత్రిక బయటికి వెళ్లాక ఉత్తరాలు వచ్చాయి. కోనదొర ఏ సబ్బుతో స్నానం చేసి తెల్లబడ్డాడని ఒక పిల్లవాడు అడిగాడు. యజమాని అందరినీ తన గదిలోకి పిలిపించి, ఇది ఎవరి పని అని అడిగాడు. ప్రేమమణి నోరు తెరిచేలోపే సామ్యూల్, నా మిషన్ మీద ఇంకు ఎక్కువైంది సార్ అన్నాడు. ఒక్క పిల్లవాడి ఒంటిమీదే ఇంకు ఎట్లా ఎక్కువవుతుందని రామభద్రరావు అడగలేదు. యజమానికి ఆ పని తెలియదు. రేపటినుంచి రావద్దన్నాడు. ప్రేమమణి గోడకు ఆనుకుని నిలబడింది. ఒక్క మాట అనాలనుకుంది, అనలేదు. ఆ ప్రెస్సు మూతపడేదాకా ఇంకో పద్నాలుగేళ్లు అక్కడే పనిచేసింది.

ఇద్దరిదీ ఒకటే చర్చి. అతను తొమ్మిదింటి ఆరాధనకు వస్తాడు కాబట్టి ఆమె అప్పటినుంచి ఆరింటి ఆరాధనకు వెళ్లడం మొదలుపెట్టింది. క్రిస్మస్ రోజు జనంలో ఎదురైతే పక్కవాళ్లతో మాట్లాడుతూ వెళ్లిపోయేది. ఇలా తప్పించుకోవడం కూడా ఒక చాకిరీలాగే అలవాటైపోయింది.

మర్నాడు కాదు, ఆ మర్నాడు ఆమె బన్సీలాల్‌పేట్ వెళ్లింది. మెట్లబావి బాగుచేశాక అక్కడికి చూడ్డానికి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు, ఆటో సందు మొదట్లోనే దింపేశాడు. ఎండలో ఆగి ఆగి నడిచింది. సామ్యూల్ ఇల్లు అడిగితే, స్కూలు వ్యాను సామ్యూల్ తాతనా అని ఒకామె చూపించింది.

అతను ముందుగదిలో మంచంమీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై నాలుగేళ్లు, భుజాలు బాగా దిగిపోయాయి. కూతురు హదస్సా ఏదో బడిలో టీచరు, ఆ రోజు సెలవు. ప్రేమమణిని లోపలికి రమ్మని కుర్చీ వేసింది.

"గుర్తుపట్టావా సామ్యూల్ అన్నా?"

"ఎందుకు పట్టను? దూరంకెళ్లి చూస్తనే ఉన్న గదా," అన్నాడు.

ఆమె దయాకర్ వచ్చిన సంగతి, అతను అన్నదంతా చెప్పింది. ఆ రోజు తను రంగు ఎట్లా వేసిందో కూడా మొదటిసారి ఒక మనిషికి చెప్పింది. సామ్యూల్ మధ్యలో అడ్డు రాలేదు.

"ప్రూఫ్ నేను చూసిన," అన్నాడు చివరికి. "తల్లి రంగే బిడ్డకుంది. తప్పేముంది గిందులో అనుకుని సంతకం పెట్టిన. నీ ఒక్కదాని తప్పు కాదది."

"మరి ఇంకు అని ఎందుకు చెప్పావు?"

"మీ అమ్మ మంచంల ఉండె. నాకు రెండు చేతులు మంచిగున్నయ్, ఇంకో ప్రెస్సుల దొరుకుతది అనుకున్న. దొరకలే. యజమాని అందరికీ చెప్పిండు. ఎనిమిది నెలలు ఎవ్వడు లోపలికి రానియ్యలే. తర్వాత వ్యాను నేర్చుకున్న."

ప్రేమమణి తలవంచుకుంది. తను అప్పుడే నిజం చెప్పాల్సిందని అనబోయింది.

"దానికి నాకు తక్లీఫ్ లేదు," అన్నాడు సామ్యూల్. "నేనే అన్న మాట అది. మీ అమ్మ పోయిన్నాడు నేనొచ్చిన, సమాధుల తోటల వెనక నిలవడ్డ. నువ్వు చూసి మొకం తిప్పుకున్నవ్. గదొక్కటే యాదికుంది."

ఆ రోజు అతన్ని చూసిన మాట నిజం. హదస్సా చాయ్ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి లోపలికి వెళ్లిపోయింది. చాయ్ మీద మీగడ కట్టేదాకా ఎవరూ ముట్టుకోలేదు. ఆమె లేచేటప్పుడు సామ్యూల్ ఒక్కటే అడిగాడు. తాగినోడు అన్న మాట మాత్రం పుస్తకంలో లేకుండా తీసెయ్యమని దయాకర్‌కు చెప్పమన్నాడు. మనవరాలు ఆ పుస్తకం చదువుతుందన్నాడు.

ప్రదర్శన ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక గ్రంథాలయం పైఅంతస్తులో జరిగింది. నలభై మంది దాకా వచ్చారు. ఆ పేజీలను నిలువెత్తు చేసి గోడలకు తగిలించారు. తన రంగు అంత పెద్దగా చూసి ప్రేమమణికి కళ్లు తిరిగినట్టయింది. మైకు ఇచ్చారు. ఆమె నిలబడలేనని కుర్చీలోనే కూర్చుని, మొదటి పేజీ రాకపోవడం, మాటలు లేని బొమ్మలు, కథ అడగకపోవడం, అన్నీ వరసగా చెప్పింది. పౌరుషం ఏమీ లేదని, పొరపాటని చెప్పింది. తను చేసిన తప్పును ప్రూఫ్ చూసిన సామ్యూల్ తన మీద వేసుకున్నాడని, అతను తాగే మనిషి కాదని, తను నలభై ఏళ్లు నోరు మూసుకుని ఉన్నానని చెప్పింది. గది చల్లబడిపోయింది. వెనక వరసలో కుర్రాడొకడు లేచి, అయినా మీ మనసులో ఎక్కడో ఏదో ఒకటి ఉండే ఉంటుంది కదా అమ్మా అని అడిగాడు. పాపం, బతిమాలుతున్నట్టే అడిగాడు.

"ఆ నెల నా మనసులో నిద్ర తప్ప ఏం లేదు బాబూ," అంది ప్రేమమణి.

చప్పట్లు కొట్టారు కానీ అందులో సత్తువ లేదు. కొంతమంది ఆమె దగ్గరికి రాకుండానే ఫలహారాల వైపు వెళ్లారు. దయాకర్ ముఖం వాడిపోయింది. అయినా ఆటో దాకా వచ్చి, చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. ముందుమాట మళ్లీ రాసుకోవాలి మేడం అన్నాడు. రాయమంది.

అక్టోబరులో పుస్తకం వచ్చింది. ఆమె ఫోటో లేదు. ముందుమాట ఒకటిన్నర పేజీకి తగ్గింది, జరిగింది జరిగినట్టే ఉంది. చివర రెండు పేర్లు: రంగులు ప్రేమమణి, అచ్చు సామ్యూల్. దయాకర్ రెండు ప్రతులు షాపులో ఇచ్చి వెళ్లాడు. ఎక్కువసేపు కూర్చోలేదు.

ఆదివారం ప్రేమమణి ఒక ప్రతి తీసుకుని బన్సీలాల్‌పేట్ వెళ్లింది. సామ్యూల్ ముందుమాటను హదస్సా చేత చదివించుకున్నాడు. చదవడం అయిపోయాక కళ్లద్దాలు పెట్టుకుని, బొమ్మలు చూడ్డానికి పుస్తకం తన చేతిలోకి తీసుకున్నాడు. పేజీని కిటికీ వెలుతురుకు పట్టుకుని, ఎరుపు ఎక్కువ కొట్టిండ్రు, ఆకుపచ్చ అంతా మురికైపోయింది, గిప్పటోళ్లకు మిషన్ ఉంది కానీ కన్ను లేదని సణగడం మొదలుపెట్టాడు. ఒక్కో పేజీ తిప్పుతూ ఒక్కో తప్పు చెప్పుకుంటూ పోయాడు. ప్రేమమణి ఊఁ కొడుతూ వింది. ఏడో పేజీ దగ్గర ఊఁ అనడం ఆగిపోయింది. కుర్చీ వీపుకు తల ఆనించి నిద్రపోయింది.

హదస్సా లేపబోతే సామ్యూల్ చేత్తో వద్దన్నాడు. ఫ్యాను కాస్త ఎక్కువ చెయ్యమని చెప్పి, పుస్తకంలో మిగిలిన తప్పులు తనలో తనే చూసుకుంటూ కూర్చున్నాడు.