కదలని కారులో కొండదారి

లెస్టర్ ఏ ఊరికైనా వెళ్లాలంటే, ముందు ఒకసారి వెళ్లకుండా వెళ్లొస్తాడు. నమ్మకపోతే వాళ్ల ఊరు టిమరూలో ఆయన్ని ఎరిగినవాళ్లెవరినైనా అడగండి. షెడ్డులో నిలబెట్టిన కారులోకి ఇంటిల్లిపాదినీ ఎక్కించి, బెల్టులు పెట్టించి, తాళం చెవి తిప్పకుండానే కొండలు దాటించి, ఊళ్లన్నీ తిప్పి, సాయంత్రానికి క్షేమంగా దింపేస్తాడు. దాన్ని ఆయన రిహార్సల్ అంటాడు. ఊరు దానికి వేరే పేర్లు పెట్టింది, అవి పెద్దల ముందు పలికేవి కావు.

ఈ సంగతి కోడలు అనహేరాకు పెళ్లికి ముందు ఎవరూ చెప్పలేదు. చెబితే పెళ్లి ఆగిపోతుందని లెస్టర్ కొడుకు నీల్ భయపడ్డాడట. ఆమె మెకానిక్. మూలుగుతూ వచ్చిన బండిని ముట్టుకుంటే చాలు, పాట పాడుతూ వెళుతుంది. అలాంటి మనిషిని అత్త జోన్ ఓ ఆదివారం పిలిచి, "వనాకా ఊరికి బయల్దేరుతున్నాం, రామ్మా" అంది. అనహేరా కోటు వేసుకుని, సంచి సర్దుకుని, సంబరంగా వెనక సీట్లో కూర్చుంది. లెస్టర్ స్టీరింగ్ పట్టుకున్నాడు. అందరూ బుద్ధిగా ముందుకు చూశారు. కారు మాత్రం ఉన్నచోటే ఉంది.

"మావయ్యా, తాళం చెవి మర్చిపోయారా?"

"ఇప్పుడు దాంతో ఏం పనమ్మా? ఫెయర్లీ దాటేశాంగా" అన్నాడు లెస్టర్. "అదుగో, కుడివైపు చూడు, టెకపో సరస్సు. ఎంత నీలంగా ఉందో!"

కుడివైపు గడ్డి కోసే మిషను ఉంది. జోన్ అల్లుతున్న స్వెట్టరు మీంచి తలెత్తి దాన్ని తృప్తిగా చూసి, "అవునండీ, ఈ ఏడు మరీ నీలంగా ఉంది" అంది. అనహేరా ఒకసారి మిషనునీ, ఒకసారి అత్తగారినీ చూసింది.

ఇంతలో లెస్టర్ స్టీరింగ్ మీద నుంచి చూపుడు వేలు పైకెత్తాడు. ఆ వైపు పల్లె రోడ్ల మీద ఎదురైన ప్రతి బండికీ అలా వేలెత్తి పలకరించాలి. ఎత్తనివాడికి పొగరని పేరొస్తుంది.

"ఎవరికి మావయ్యా?" అంది అనహేరా నీరసంగా.

"పాల ట్యాంకర్ వచ్చింది కదా. పలకరించకపోతే ఏమనుకుంటాడు పాపం?"

మరికాసేపటికి ఆయన "టాయిలెట్‌కి వెళ్లేవాళ్లు వెళ్లండి, మళ్లీ చాలా దూరం దొరకదు" అన్నాడు. అందరూ దిగి, ఇంట్లోకి వెళ్లి, వరసలో నిలబడి, పని ముగించుకుని మళ్లీ వచ్చి బెల్టులు పెట్టుకున్నారు. ఫ్లాస్కులో టీ, పొట్లంలో చీజ్ రోల్స్ మాత్రం నిజమైనవే. అనహేరా మొగుడి వంక చూసింది. నీల్ కిటికీలోంచి లేని కొండల్ని చూస్తూ కూర్చున్నాడు.

ఇక లెస్టర్ అత్తగారు ఎథెల్. ఎనభై దాటినా గొంతు మాత్రం గొర్రెల వేలంపాటలో వినపడేంత ఉంటుంది. ఆవిడ వెనక సీట్లో అనహేరా పక్కన, హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, మహారాణిలా కూర్చుని అల్లుణ్ణి ఏకుతూ ఉంటుంది.

"అత్తయ్యా, లిండిస్ కనుమ ఎక్కుతున్నాం. ముందు ఏ మలుపు? నాకు గుర్తుండి చావదు" అన్నాడు లెస్టర్.

"కుడి! తర్వాత పెద్ద ఎడమ! ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? విన్నావటమ్మా అనహేరా, మా అల్లుడికి కొండంటే కాళ్లు వణుకుతాయి. వయసులో ఉండగా నేను గుర్రం మీద దాటాను!"

సరిగ్గా కనుమ మొదట్లో, ఆ పెద్ద ఎడమ మలుపు దగ్గర, లెస్టర్ తల వంచి చెవి రిక్కించాడు. "ప్చ్. ఇంజన్‌లో ఏదో చప్పుడు. ఇక ఈ ఏడు కుదరదు" అన్నాడు.

అందరూ బెల్టులు విప్పేశారు. అనహేరా మాత్రం విప్పలేదు. "మావయ్యా! ఇంజన్ ఆఫ్‌లో ఉంది!"

ఎవరూ పట్టించుకోలేదు. ఎథెల్ అప్పటికే కోటు సర్దుకుని, అల్లుడి పిరికితనం సరికొత్తగా చెప్పడానికి పచ్చికలో బంతులు దొర్లించి ఆడే బౌల్స్ క్లబ్బుకు బయల్దేరింది. ఆ కారుకు సర్వీసింగ్ చేసింది అనహేరాయే కనుక ఆ చప్పుడు మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. బానెట్ ఎత్తి చూస్తే లోపల చీమ చిటుక్కుమన్న జాడ కూడా లేదు.

"ఏటా ఇంతే" అన్నాడు నీల్. "అమ్మమ్మ చెల్లెలు వెరా వనాకాలో ఉంటుంది. అక్కడికి వెళ్లి, క్వీన్స్‌టౌన్ చూసి, డునెడిన్ మీదుగా చుట్టి రావాలని నాన్న ప్లాన్. నా చిన్నప్పట్నుంచీ ఆ కారు షెడ్డు గుమ్మం దాటలేదు."

అన్నేళ్లూ వెరాయే బస్సెక్కి వచ్చి అక్కను చూసి వెళ్లేది. ఆ ఏడు ఆమె మోకాళ్లు మొరాయించాయి. ఎనభయ్యో పుట్టినరోజు దగ్గరపడుతుండగా ఫోన్ చేసింది. "ఎథెల్, నేనిక కదల్లేను. ఈసారి నువ్వే రావాలి. రాకపోతే మనిద్దరం ఇక ఫోన్లోనే." ఎథెల్ ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించి, "మా అల్లుడి భయం సంగతి నీకు తెలుసుగా" అని పెట్టేసింది.

వెంటనే మళ్లీ రిహార్సల్ పెట్టారు. ఈసారి అనహేరా సరస్సు చూడలేదు, టీ తాగలేదు. మామగారినే చూస్తూ కూర్చుంది. కనుమ దగ్గర పడగానే లెస్టర్ కళ్లు రోడ్డు మీద, అంటే షెడ్డు గోడ మీద, లేవు. పైన ఉన్న అద్దంలో ఉన్నాయి. అద్దంలో ఏముందా అని ఆమె పక్కకు తిరిగింది. ఎథెల్ నోరు యథాప్రకారం అల్లుణ్ణి తిడుతూనే ఉంది. చేతులు మాత్రం హ్యాండ్‌బ్యాగు పట్టీని పిసికేస్తున్నాయి. వేళ్లు సున్నంలా తెల్లబడ్డాయి.

"ఇంజన్‌లో ఏదో..." అని లెస్టర్ మొదలుపెట్టేసరికి, భయం ఎవరిదో అనహేరాకు తెలిసిపోయింది. అందరూ దిగిపోయాక షెడ్డు తలుపు మూసి మామగారిని నిలదీసింది.

ఆయన తలుపు సరిగ్గా మూసుందో లేదో చూసుకున్నాడు. చివరికి చెప్పాడు. ఎథెల్ వయసులో ఉండగా, ఆ కనుమ మీద మంచుకి వాళ్ల కారు జారి, ముందు చక్రం లోయ మీద గాలిలో తిరుగుతూ ఆగిందట. ఎవరికీ దెబ్బ తగల్లేదు. భర్త చాలాకాలం తర్వాత ఒక్క లెస్టర్‌కే చెప్పి కన్నుమూశాడు. ఎథెల్ ఎవరికీ చెప్పలేదు.

"మలుపులన్నీ కంఠతా వస్తే భయం తగ్గుతుందని ఈ తంటాలమ్మా. ఆవిడకి మాత్రం తెలియనీకు. భయపడిందన్న పేరు ఆవిడ ఒంటికి పడదు."

"మరి ఊరంతా మిమ్మల్ని పిరికివాడంటోందిగా మావయ్యా!"

"అననీ. నాకు అలవాటైంది."

ఆ తర్వాత అనహేరా చేసిన పని ఆమె జన్మలో చేస్తాననుకోనిది. షెడ్డు తలుపు బార్లా తెరిచి, అందర్నీ పిలిచి, బానెట్ ఎత్తి, స్పానర్‌తో ఖణేల్‌ఖణేల్‌మని కాసేపు వాయించింది. చేతులకు ఇంజన్ నూనె పూసుకుని తల బయటపెట్టి, "మావయ్య చెప్పింది నిజమే. చప్పుడు ఉంది, బాగు చేసేశాను" అంది. తాను సర్వీసింగ్ చేసిన బండి మీద తనే నింద వేసుకోవడం చూసి నీల్ ముక్కున వేలేసుకున్నాడు.

"కానీ అమ్మమ్మా, కొండ మీద మావయ్య ఒక్కడూ నడపలేడు. ప్రతి మలుపూ నువ్వు ముందే చెప్పాలి. చెబుతావా?" అంది అనహేరా.

ఎథెల్ ఆ బానెట్ వంకా, అల్లుడి వంకా చాలాసేపు చూసింది. "నేను కాకపోతే ఇంకెవరు చెబుతారు వీడికి?" అంది.

కారు గుమ్మం దాటిన రోజు పక్కింటివాళ్లు వీధిలోకి వచ్చి నిలబడ్డారు. వాళ్ల కుక్క అరవడం మర్చిపోయింది. టెకపో నిజంగానే నీలంగా ఉంది. జోన్ అల్లిక ఆపి చూసి, "అచ్చం మన షెడ్డులో ఉన్నట్టే ఉంది" అంది.

కనుమ మొదలయ్యేసరికి ఎథెల్ కళ్లు గట్టిగా మూసుకుంది. ఒక చెయ్యి బ్యాగు పట్టీ మీద, రెండోది అనహేరా చేతిలో. "కుడి... పెద్ద ఎడమ... మళ్లీ కుడి..." ఒక్కటీ తప్పు పోలేదు. "ఇక్కడ తిన్నగా" అన్నచోట లెస్టర్ కారు టక్కున ఆపేశాడు.

"ఏమైంది? ఎందుకాపావ్?" ఎథెల్ గొంతు కీచుమంది.

"గొర్రెలు, అత్తయ్యా."

"రిహార్సల్‌లో గొర్రెలు లేవే!" అని అరిచి ఆవిడ కళ్లు తెరిచేసింది.

రోడ్డు నిండా గొర్రెలు. వాటికి అటూ ఇటూ, పైనా కిందా, బంగారు రంగు గడ్డి కప్పుకున్న కొండలు, ఎండలో నిశ్శబ్దంగా మెరుస్తున్నాయి. అది కనుమ నడినెత్తి. బ్యాగు పట్టీ మీది ఎథెల్ చెయ్యి తనంత తానే వదులైంది. గొర్రెలన్నీ వెళ్లిపోయినా ఆవిడ కారు కదలనివ్వలేదు.

"ఇంత అందం ఇక్కడ పెట్టుకుని, ఇన్నేళ్లూ నాకు గడ్డి మిషను చూపించావటయ్యా!" అంది అల్లుడితో.

ఆ సాయంత్రం వనాకాలో వెరా ఇంట్లో అక్కాచెల్లెళ్లు ఒకరి మెడ ఒకరు వదల్లేదు. కేకు కోశాక ఎథెల్ గొంతు మళ్లీ వేలంపాట స్థాయికి చేరింది. "మా అల్లుడు భయంతో బిగుసుకుపోతే, మలుపు మలుపుకీ నేనే ధైర్యం చెప్పి లాక్కొచ్చాను!" గది గదంతా లెస్టర్ని చూసి పగలబడి నవ్వింది. అనహేరాకు ఒళ్లు మండి, నిజం కక్కెయ్యడానికి కుర్చీలోంచి లేచింది.

గదికి అవతలి మూల లెస్టర్ నోటినిండా కేకుతో, "అత్తయ్య లేకపోతే నేను దాటేవాణ్ణే కాదు" అని తల ఊపుతున్నాడు. కోడలు లేవడం చూశాడు. ఎదురొచ్చిన బండిని పలకరించినట్టు, కేకు పళ్లెం అంచు మీద నుంచి చూపుడు వేలు ఒకటి పైకెత్తాడు.

అనహేరా కూర్చుంది. తనూ ఒక వేలు ఎత్తింది.