బాలింత కోసం మూసిన కిటికీలు

జైనబ్ ఆయాగా చేరి పద్దెనిమిదేళ్లయింది. వనపర్తి పక్కనున్న ఆ చిన్న దవాఖానలో ఆమె చేతుల మీదుగా వెళ్లిన బాలింతలు ఎందరో ఆమెకే గుర్తులేదు. బాలింత మంచమెక్కగానే కిటికీ మూసేది, చెవుల్లో దూది పెట్టేది. ఆ పని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

రెండువేల తొమ్మిదిలో స్వైన్‌ఫ్లూ వచ్చింది. రోగులను విడిగా ఉంచడానికి అక్కడున్నవి రెండే మంచాలు. డాక్టరమ్మ సామాన్ల గది ఖాళీ చేయించి, వరండా కలిపి ఆరు మంచాలు వేయించింది. ఎదురెదురు గోడలకు కొత్త కిటికీలు పెట్టించి, "ఇవి మూయొద్దు" అని అందరికీ చెప్పింది. మందుల వాసన పోవడానికేమో అనుకుంది జైనబ్.

చలి మొదలయ్యాక అశ్విని వచ్చింది. కాన్పయి తొమ్మిదో రోజు, ఒళ్లు కాలిపోతోంది, ఒకటే దగ్గు. పసిబిడ్డను ఎత్తుకుని అశ్విని తల్లి సీతమ్మ బయటే నిలబడి, కిటికీలోంచి పాత చీరలు అందించింది.

"జైనబక్కా, పచ్చి బాలింత. గాలి తాకితే వాతమొస్తది. నీకు చెప్పాల్నా?"

"ఫికర్ చెయ్యకు సీతమ్మా. నా బిడ్డసొంటిదే."

జైనబ్ కిటికీలు మూసి, సందుల్లో చీరపేలికలు కుక్కింది. పొద్దున ఊడ్చేటప్పుడు తెరిచేది, డాక్టరమ్మ చూసి వెళ్లగానే మూసేది. అది తప్పని ఆమెకు తోచనే లేదు.

ఎదురు మంచం మీద పెద్దన్న అనే మనిషి. అమ్రాబాద్ అడవుల నుంచి జ్వరంతో వచ్చాడు. రిపోర్టు హైదరాబాదు నుంచి రావాలి.

"అక్కా, కిటికీ తెరువు. ఊపిరాడ్తలేదు."

"అడవిల పండుకున్నననుకుంటున్నవా? బాలింత ఉన్నది, జర సబర్ చెయ్."

"నా గుడిసెకు తలుపే లేదక్కా!" అని నవ్వాడు. "రిపోర్టు రానీ, ఉరుకుత."

నాలుగో రోజు రిపోర్టులొచ్చాయి. అశ్వినికి స్వైన్‌ఫ్లూ ఉంది. పెద్దన్నకు లేదు. సాయంత్రం ఇంటికి పోవచ్చన్నారు. మధ్యాహ్నానికే అతనికి మళ్లీ జ్వరం ఎక్కింది, దగ్గు పట్టుకుంది. మళ్లీ పరీక్షకు పంపితే, ఈసారి ఉందని వచ్చింది.

ఆ రిపోర్టు పట్టుకుని డాక్టరమ్మ వేళగాని వేళలో లోపలికొచ్చింది. మూసిన కిటికీల ముందు నిలబడిపోయింది.

"ఇవెవరు కుక్కిండ్రు?"

"నేనే అమ్మా. బాలింత కదా, గాలి..."

"జైనబ్, దగ్గితే రోగం గాలిల తేలుతది. అది బయటికి పోవాలనే కిటికీలు పెట్టించిన. నువ్వు మూసి లోపలనే ఉంచినవ్. ఈయనకు ఈడికొచ్చినాకనే తాకింది."

జైనబ్ పెద్దన్న వైపు చూసింది. ముక్కుకు గొట్టం, ఎగసిపడుతున్న రొమ్ము. తెరువక్కా అన్న గొంతే చెవుల్లో మోగింది.

ఆ తర్వాత మూడో రోజు పెద్దన్న ప్రాణం పోయింది.

అశ్వినికి నయమైంది. ఇంటికి పోతూ సీతమ్మ జైనబ్ రెండు చేతులూ పట్టుకుంది. "గాలి సోకకుండ నువ్వే కాపాడినవ్ అక్కా."

జైనబ్ చేతులు విడిపించుకుని నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, కర్రపని చేసే వడ్లాయనను పిలిపియ్యి. ఆ కిటికీలకు రెక్కలే ఉండొద్దు."