నికితిన్ దగ్గర ఎడమకి

కెనడాలోని స్కార్‌బరోలో వేయించిన చేపలు అమ్మే ఒక చిన్న కొట్టు కప్పు మీద చెక్క పడవ ఉంటుంది. దాన్ని ఎవరు ఎక్కించారో, ఎందుకు ఎక్కించారో ఇప్పటి యజమానికి కూడా తెలియదు. ఆ కొట్టున్న కూడలికి నగరంవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. పాండురంగ దగ్గర కారు నేర్చుకున్న పిల్లలకు మాత్రం అది నికితిన్. అక్కడ ఎడమకి తిరగాలి.

దానికి ముందు వాగు మీద వచ్చేది పాత వంతెన. వంతెనకి ఇవతల ఆయన టీ కోసం ఆగే కాఫీ షాపు ప్యాలెస్. మూలమీద ఉన్న క్లినిక్ మెడికల్ అకాడమీ. సిటీ బస్సులు నిలిపే పెద్ద షెడ్డు వాగన్ ఫ్యాక్టరీ. దాని గోడ పక్కనే పార్కింగ్ నేర్పుతాడు. ఈ పేర్లన్నీ రష్యాలో, వోల్గా ఒడ్డున ఉన్న త్వేర్ అనే పాత పట్నంలోనివి. పాండురంగ చదువుకున్న ఊరు అది.

కొత్తగా కారు పట్టినవాళ్ళు వీధి పలకలు చదవడానికి తల పైకెత్తితే ముందు కారును గుద్దుతారని ఆయన నమ్మకం. కథ చెబితే మూల దానంతటదే గుర్తుంటుందంటాడు. అందుకని ప్యాలెస్ దగ్గరికి రాగానే, "పీటర్స్‌బర్గు నుంచి మాస్కో పొయ్యే రాజులు, రాణులు ఈడ దిగి నడుం వాల్చేటోళ్ళు. మనం చాయ్ తాగుదాం, ఇండికేటర్ వెయ్యి" అనడం ఆయన పద్ధతి.

ఆయన సొంత ఊరు జహీరాబాదు. తండ్రి ప్రభుత్వాసుపత్రిలో కాంపౌండరు. డాక్టర్లకు సూదులు అందించి అందించి, కొడుకు చేతికి కూడా ఎవరో ఒకరు సూది అందించాలని ఆశపడ్డాడు. తొంభైల మొదట్లో ఒక ఏజెంటును పట్టుకుని అబ్బాయిని త్వేర్ పంపించాడు. ఆ ఊరికి కలీనిన్ అన్న పేరు పోయి పాత పేరు తిరిగొచ్చిన కొత్తరోజులవి. పాండురంగ మెడికల్ అకాడమీలో చేరాడు. శవాన్ని కోసే గదిలో మొదటిసారి కళ్ళు తిరిగి పడిపోతే అందరూ నవ్వారు. రెండోసారీ నవ్వారు. మూడోసారి ప్రొఫెసరమ్మ ఆయన మొహం మీద నీళ్ళు చల్లి, "నాయనా, నీకు యంత్రాలంటే ఇష్టమేనా?" అని మెల్లగా అడిగింది. అలా టెక్నికల్ యూనివర్సిటీకి మారాడు.

హాస్టలు చూసుకునే నీనా అనే ముసలామె ఆయన్ను చేరదీసింది. ఆమె భర్త గెన్నాది తన పాత లాడా కారులో, చలికాలం గడ్డకట్టిన నది మీద డ్రైవింగ్ నేర్పించాడు. "ఎదురు వచ్చేటోడు లేడు, గుద్దుదామంటె చెట్టు లేదు. భయమంతా కిందున్న మంచుతోనే" అని పాండురంగ ఇప్పటికీ చెప్పుకుంటాడు.

నికితిన్ విగ్రహం ఆ నది ఒడ్డునే ఉంది. ముందు గుర్రపు తల చెక్కిన పడవ మీద నిలబడి ఉంటాడు. ఐదు వందల ఏళ్ళ కిందట ఆ త్వేర్ వర్తకుడు ఒక గుర్రాన్ని ఓడెక్కించుకుని మన దేశం వచ్చి, తంటాలు పడి బీదరులో అమ్ముకున్నాడు. బీదరంటే జహీరాబాదు పక్కూరే. విగ్రహం కింద నిలబడి గెన్నాది ఈ సంగతి చెప్పిన పూట పాండురంగకు త్వేర్ చుట్టాల ఊరైపోయింది. "ఆయన గుర్రం తోలుకొని మా దిక్కు వచ్చిండు. నేను సూట్‌కేసు పట్టుకొని ఆయన దిక్కు పోయిన. చెల్లుకు చెల్లు" అంటాడు.

చదువయ్యాక మాస్కోలో తేయాకు కంపెనీలో కొన్నాళ్ళు పనిచేశాడు. పెళ్ళి చేసుకుని కెనడా వచ్చి, ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టులు చేశాడు. చివరికి కారు నెత్తిన 'వోల్గా డ్రైవింగ్ స్కూల్' బోర్డు పెట్టుకున్నాడు. కాలేజీలు తెలంగాణ, ఆంధ్రా పిల్లలతో కిక్కిరిసిపోయి, ఒక్కో బేస్‌మెంటులో ఆరేడుగురు సర్దుకుంటున్న ఆ ఏడాది ఆయన ఫోను ఊపిరి తీసుకోలేదు.

అలా వచ్చిన పిల్లే వర్షిణి. భీమవరం అమ్మాయి. వృద్ధుల సంరక్షణ కోర్సు అప్పుడే పూర్తిచేసింది. ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళను చూసుకునే ఉద్యోగం దాదాపు చేతికొచ్చింది. కారు తోలడం వస్తేనే పని. "నెలాఖరు వరకూ మీ కోసం ఆగుతాం, ఆ తర్వాత వేరేవాళ్ళను తీసుకుంటాం" అన్నారు ఉద్యోగం ఇచ్చేవాళ్ళు. వర్క్ పర్మిట్ మీద ఉన్న పిల్లకు అంతకంటే మంచి ఉద్యోగం దొరకడం కష్టం.

పాఠం మొదలుపెట్టే ముందు పాండురంగ ఒక పని తప్పకుండా చేయిస్తాడు. రష్యావాళ్ళు ప్రయాణం బయలుదేరే ముందు అందరూ ఒక నిమిషం మాట్లాడకుండా కూర్చుంటారు. నీనా నేర్పిన అలవాటు అది.

"చేతులు ఒళ్ళె పెట్టుకో బిడ్డా. కండ్లు మూసుకో. నిమిషం నిండేదాంక ఎవరు పిలిచినా పలకొద్దు."

"ఎవరు పిలిచినానా అంకుల్?"

"ఇంగ్లండు రాణి పిలిచినా సరే."

వర్షిణి మాట వినే పిల్ల. టెస్టు రోజున కూడా విన్నది.

టెస్టు చేసే తెల్లాయన పక్క సీట్లో కూర్చుని, కాగితాలు సర్దుకుని, "సిద్ధమైనప్పుడు బయల్దేరు" అన్నాడు. వర్షిణి చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆయన కాసేపు ఆగాడు. "ఆర్ యూ ఆల్ రైట్?" అన్నాడు. వర్షిణి పలకలేదు. "మిస్?" అన్నాడు. పలకలేదు. ఆయన కారు దిగి లోపలికి పరిగెత్తాడు. ఆమె కళ్ళు తెరిచేసరికి ఇద్దరు మనుషులు, ఒక నీళ్ళ సీసా, ఎర్ర సిలువ వేసిన పెట్టె ఆమె వైపు వస్తున్నాయి.

ప్రయాణానికి ముందు కూర్చున్నానని ఆమె ఎంత చెప్పినా వాళ్ళకు అర్థం కాలేదు. ఒంట్లో బాగున్నప్పుడు రమ్మని టెస్టు రద్దు చేశారు. కారు రోడ్డెక్కకుండానే టెస్టు పోయింది.

పాండురంగ శిష్యులు టెస్టు తప్పడం కొత్త కాదు. ఒకడు చెత్తడబ్బాను గుద్దాడు. ఒకడు రెడ్ లైటుకు నమస్కారం పెట్టుకుంటూ దాటేశాడు. అవి వాళ్ళ తప్పులు. ఈ పిల్ల మాత్రం ఆయన చెప్పింది చెప్పినట్టు చేసి తప్పింది. ఆ మాట ఆయనకు అన్నం సయించనివ్వలేదు. ఎవరో రద్దు చేసుకున్న సమయం వెతికి, నెలాఖరుకు రెండు రోజుల ముందు మళ్ళీ టెస్టు బుక్ చేయించాడు. ఇది కూడా పోతే ఉద్యోగం పోయినట్టే.

మర్నాడు పాఠంలో త్వేర్ లేదు. కూర్చోవడమూ లేదు.

"సీదా పో. లారెన్స్ దగ్గర రైటు. తర్వాత ఎల్లెస్మియర్ దగ్గర లెఫ్టు" అన్నాడు పాండురంగ, బడిపంతులులాగా.

వర్షిణి వీధి పలకల కోసం తల ఎత్తింది. తిరగాల్సిన మూల దాటేసింది. రెండో మూల దగ్గర వెనక చక్రం పేవ్‌మెంటు ఎక్కి దిగింది. పాండురంగ తన వైపున్న బ్రేకు నొక్కాడు.

"అంకుల్, మీరిలా మాట్లాడుతుంటే నాకు భయమేస్తోందండీ. ఇంతకీ నికితిన్ ఎక్కడ?"

"నికితిన్ లేడు. చచ్చి ఐదొందల ఏండ్లాయె."

"మొన్నటిదాకా ఉన్నాడు కదండీ!"

ఆ పూట ఇల్లు చేరినా పాండురంగ చెప్పులు విప్పకుండా సోఫాలో కూలబడ్డాడు. ఆయన భార్య పద్మిని బేకరీలో పని ముగించుకుని వచ్చి, బఠాణీలు ఒలుస్తోంది. జరిగిందంతా విని నవ్వు ఆపుకోలేకపోయింది.

"నవ్వకు. ఆ పిల్ల నౌకరి నేను మింగేటట్టున్న. రష్యా ముచ్చట్లన్నీ బంద్ చేసిన, అయినా బండి సక్కగ నడుస్తలేదు."

"ముచ్చట్లేం జేసినయి పాపం? ఆ మూలలు గుర్తుండేదే వాటితోని కదా." పద్మిని ఒక బఠాణీ నోట్లో వేసుకుంది. "ఒక్కటి చెప్పుండ్రి. మీ నీనమ్మ మిమ్ములను కూసోపెట్టింది కార్లనా, ఇంట్లనా?"

పాండురంగకు నీనా తనను కూర్చోబెట్టిన రోజు గుర్తొచ్చింది. హాస్టలు వరండా. సగం ఊడిన పసుపురంగు గోడ. సూట్‌కేసు మీద తను, పక్కన బెంచీ మీద నీనా, గుమ్మంలో స్టూలు మీద గెన్నాది. కారు బయట మంచులో ఉంది. అందులోకి వెళ్ళాక ఎవరూ ఒక్క క్షణం కూడా ఊరికే కూర్చోలేదు. గెన్నాది ఇంజను అప్పటికే ఆన్ చేసి ఉంచాడు.

"ఇంట్లనే" అన్నాడు.

"మరి కార్లకు యెందుకు తెచ్చిండ్రు?"

"పాఠం కార్లనే షురూ అయితది కదా అని…"

"అంటె పదిహేనేండ్ల నుంచి పిల్లలను పార్కింగుల ధ్యానం చేయిస్తున్నరు. రేపటి నుంచి ఆ పిల్లను ఇంటికి తోల్కరాండ్రి. ఈడ కూసుంటది, అటెన్క బండెక్కుతది. ఆడికెళ్ళి నికితినో, గికితినో, మీ ఇష్టం."

తర్వాతి పాఠానికి వర్షిణి నేరుగా వాళ్ళ అపార్ట్‌మెంటుకు వచ్చింది. నిమిషం కూర్చుని, కిందికి దిగి, కారెక్కిన వెంటనే బయల్దేరింది. "ప్యాలెస్, అంకుల్" అని తనే చెప్పింది. వంతెన సాఫీగా దాటింది. పడవ కనపడగానే అద్దాలు చూసి, భుజం మీదుగా చూసి, ఎడమకి తిప్పింది. పాండురంగ పాదం బ్రేకు మీదకి వెళ్ళలేదు.

టెస్టు రోజు పొద్దున ముగ్గురూ హాల్లో కూర్చున్నారు. పద్మిని సోఫాలో, పాండురంగ చెప్పుల స్టాండు మీద, వర్షిణి సోనామసూరి బియ్యం బస్తా మీద. సరిగ్గా అప్పుడే కుక్కర్ కూసింది. పద్మిని కదలబోయింది. పాండురంగ పెదవులకు వేలు అడ్డంపెట్టాడు. ఇంకోసారి కూసింది. వర్షిణి పెదవులు బిగబట్టినా భుజాలు ఊగుతున్నాయి. నిమిషం నిండగానే పద్మిని వంటింట్లోకి ఉరికింది.

"పప్పు మాడితే నీ లైసెన్సు మీద రుద్దుత!" అని అక్కడినుంచే అరిచింది.

"లైసెన్స్ రానివ్వండి ఆంటీ, మీ ఇష్టం!"

టెస్టు సెంటర్లో వచ్చింది అదే తెల్లాయన. వర్షిణిని గుర్తుపట్టి సీట్లో జాగ్రత్తగా కూర్చున్నాడు. పాండురంగ బయట కంచె పక్కన నిలబడ్డాడు. కారు వెంటనే కదిలింది. మలుపు దగ్గర దాని వెనక ఎర్ర లైట్లు వెలిగి ఆరాయి. తర్వాత కనపడలేదు.

ఆయన జేబులో చేతులు పెట్టుకున్నాడు, తీశాడు. పక్కన ఒక పంజాబీ డ్రైవింగ్ టీచరు తన శిష్యుడి గురించి ఏదో చెబుతుంటే "హా జీ, హా జీ" అన్నాడు. ఏమిటో వినలేదు. పిల్ల ఎక్కడ పలకలు చూడ్డానికి తలెత్తుతుందో, ఏ మూల దాటేస్తుందో అని లోపలే వెంట నడుస్తున్నాడు.

కారు వచ్చి ఆగింది. తెల్లాయన దిగి, ఎవరికీ ఏమీ చెప్పకుండా లోపలికి వెళ్ళిపోయాడు. వర్షిణి అద్దం దించింది. మొహంలో ఏమీ లేదు.

"ఏమాయె బిడ్డా?"

"ఈ రోజు కూర్చోవా అని అడిగాడండీ. ఇంట్లోనే కూర్చుని వచ్చానన్నాను."

"ఆడు ఏమన్నడు?"

"'గుడ్' అన్నాడు."

"అది సరే, టెస్టు?"

వర్షిణి ఒళ్ళో బోర్లా పెట్టుకున్న కాగితం తిప్పి చూపించింది. చివర్లో సంతకం పక్కన పాస్ అని ఉంది. మొహంలో దాచిపెట్టిందంతా అప్పుడు బయటికొచ్చింది. "ఆంటీకి చెప్పాలి. ముందు ప్యాలెస్ దగ్గర ఆపండి అంకుల్, ఈసారి టీ నాది."

"నేనెట్ల ఆపుత? స్టీరింగు నీ దగ్గర ఉన్నది."

ఆయన చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. వర్షిణి ఇంజను స్టార్ట్ చేసి, అద్దాలు చూసుకుని, ఆయన వైపు తిరిగింది.

"అంకుల్?" అంది. తర్వాత తెల్లాయన గొంతు పెట్టి, "ఆర్ యూ ఆల్ రైట్?" అంది.

పాండురంగ పలకలేదు. నిమిషం ఇంకా నిండలేదు.