మబ్బుల్ని తరిమేస్తున్నానని కొట్టారు

ఎయిర్‌లైన్స్ ఉద్యోగం వదిలేశాక నాకు మళ్లీ విమానం నడిపే పని అనంతపురంలో దొరికింది. మబ్బుల్లో ఉప్పు పొడి చల్లి వాన కురిపించాలని చూసే చిన్న విమానం అది. నిన్న చిలమత్తూరు వైపు చల్లాం. చినుకు పడిందేమో చూద్దామని ఈరోజు పొద్దున జీపులో వెళ్లాను.

జీపు మీది విమానం బొమ్మ చూశారేమో, ఊరి బయటే మా మీద రాళ్లు పడ్డాయి. అద్దం పగిలి డ్రైవర్ బాషా నుదురు చీలింది. ఒక రైతు నన్ను చొక్కా పట్టి కిందికి లాగి చెంప పగలగొట్టాడు. పడ్డాక ఇంకెవరో డొక్కలో తన్నారు.

"ఇమానంతో మా మోడాల్ని తరిమేసేది నువ్వేనా?" అంటూ ఆ రైతు కట్టె ఎత్తాడు.

నెత్తురు కారుతున్నా బాషా అడ్డం నిలబడ్డాడు. "తరిమేదానికి కాదన్నా, కురిపించేదానికే తిరుగుతాండాడు!"

"యాడ కురిపించినాడప్పా? శెనక్కాయంతా ఎండిపోయినాది!"

"మబ్బున్నా ఒక్కోసారి కురవదన్నా. నా చేతుల్లో లేదు," అన్నాను, నోట్లో నెత్తురు ఉమ్మేసి.

ఆయన నన్నే చూస్తూ కట్టె దించాడు. మిగతావాళ్లూ ఆగారు. మేం జీపు ఎక్కుతుంటే వెనక నుంచి అరిచాడు.

"మళ్లా మోడమొస్తే రా! కురిపించకుండా పోతే మాత్రం కాళ్లిరగ్గొడతా!"

బాషా నుదుటికి కుట్లు పడ్డాయి. నా డొక్క ఇంకా నొప్పిగానే ఉంది. ఎయిర్‌లైన్స్‌లో అన్నేళ్లు ఎంతోమందిని దించాను గానీ, మళ్లీ రమ్మని ఇంత గట్టిగా ఎవరూ పిలవలేదు. రేపు మబ్బు పడితే, మీరైతే ఆ ఊరి మీదికి వెళ్తారా?