చీరమేను పట్టిన చీర

మొన్న యానాం మార్కెట్లో ఒకామె బకెట్ నిండా చీరమేను పెట్టుకుని కూర్చుంది. సేమియా ముక్కంత ఒళ్ళు, దానికో చుక్కంత కన్ను. ఒక్కో గ్లాసులో కొన్ని వందల ప్రాణాలు. దేంతో పట్టారమ్మా అని అడిగితే, "దోమతెరతోనండి. చీరలతో ఎవరు పడతారండీ ఇప్పుడు!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మాట వింటే మా తోడికోడలు గుర్తొస్తుంది, ఆమె గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడానా అంటే, అవును, ఇన్నేళ్ళ తర్వాత కూడా.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. చీరమేను అనేది ఒక జాతి చేప కాదు. పండుగప్ప, కొయ్యింగ, ఇంకా నాకు పేర్లు తెలియని ఎన్నో సముద్రపు చేపల పసిపిల్లలు కలిసి వచ్చే గుంపు. దీపావళి దాటి తూర్పుగాలి తిరిగిందంటే, సముద్రంలో పుట్టిన ఆ పిల్లలు పోటు నీటితోపాటు గోదావరి కడలిలో కలిసే మొగలోకి, మడచెట్ల మధ్య కాలువల్లోకి వచ్చేస్తాయి. అక్కడ వేళ్ళ చాటున తిని పెరిగి, ఒళ్ళొచ్చాక తిరిగి సముద్రానికి వెళ్ళిపోతాయి. "పెరిగాక పుట్టింటికి పోయే రాత చేపలకే రాశాడు దేవుడు" అనేవారు మా అత్తగారు. దొరికినన్ని మేము చింతకాయ వేసి ఇగురు పెట్టుకునేవాళ్ళం కాబట్టి, ఆ రాత అన్నిటికీ ఉండేది కాదు.

వీటికి వల పనికిరాదు, కళ్ళలోంచి జారిపోతాయి. పాత నేతచీర కావాలి. ఏళ్ళ తరబడి ఉతికి మెత్తబడి, నీళ్ళు దిగిపోయి పిల్ల మాత్రం మిగిలేంత పలచబడాలి. ఇద్దరు ఆడవాళ్ళు నడుములోతు నీళ్ళలో నిలబడి, చెరో కొసా పట్టి ముంచి, గుంపు మీదికి రాగానే ఒక్కసారిగా ఎత్తాలి. మా ఇంట్లో ఒక కొస ఎప్పుడూ అత్తగారిదే. రెండో కొస ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే ఆవిడకు కుడిభుజం. నేను ఎగువన, రాజమండ్రి దగ్గర ఏటిగట్టు మీద పుట్టినదాన్ని, ఆటుపోట్లు ఎరగను. అయినా ఆవిడ ఓపికగా నేర్పారు. నాలుగేళ్ళు ఆ రెండో కొస నాదే.

తొంభైల చివర్లో మా మరిదికి పెళ్ళయింది. వచ్చింది సముద్రం ఒడ్డు పిల్ల. నీళ్ళలోకి దిగిన మొదటిరోజే, నేను కళ్ళు చికిలించేలోపు, "అదిగో అత్తా, నీళ్ళు మసకేత్తన్నాయి, గుంపొచ్చేత్తంది" అంది. వచ్చేసింది కూడా! పట్టినవి అరచేతిలో పోసుకుని, ఏది పండుగప్ప అవుతుందో ఏది కొయ్యింగ అవుతుందో విడదీసి చూపించింది. నాకు అన్నీ సేమియాలాగే కనిపించాయి. అత్తగారు మురిసిపోయి, "ఆ కొస చిన్నదానికియ్యవే" అన్నారు. ఇచ్చాను. బిందె పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. నాలుగు రోజులు అదే పని. వాళ్ళిద్దరూ నీళ్ళలో నవ్వుకుంటుంటే నాకు ఇంటికొచ్చాక అన్నం సయించేది కాదు.

ఐదో రోజు చీర ఉతకడానికి నాకిచ్చారు. గంజి పెట్టాను. సగ్గుబియ్యం చిక్కగా ఉడికించి, రెండుసార్లు ముంచి ఎండబెట్టాను. మర్నాడు బిరుసు తెలియకుండా మళ్ళీ తడిపి, మడిచి, బిందెలో పెట్టుకుని తీసుకెళ్ళాను. నీళ్ళు దిగవు, గుంపు తప్పిపోతుంది, చిన్నదానికి చెయ్యి కుదరలేదని అత్తగారు నన్ను పిలుస్తారు. నా ఎత్తు అది.

ఆ పొద్దున్న గుంపు బాగా వచ్చింది. ఇద్దరూ చీర ఎత్తారు. నీళ్ళు దిగలేదు. తడిసిన గోనెలా బరువెక్కి, ఆ చీర పర్రున నిలువునా చిరిగింది. అది అత్తగారికి వాళ్ళమ్మ పెట్టిన చీర. పాతబట్ట అంత బరువు ఆగదన్న ఆలోచనే నాకు రాలేదు. పిల్లలన్నీ ఏట్లో కలిసిపోయాయి.

అత్తగారు చిరుగును వేళ్ళ మధ్య నలిపి చూశారు. జిగురు తగిలింది.

"ఎవరే దీనికి గంజెట్టింది?"

"నేనే అత్తా. తెలవక ఎట్టాను" అంది చిన్నది.

నడక రాకముందే చీరమేను చూసిన మనిషికి గంజి పెడితే నీళ్ళు దిగవని తెలియదట! అత్తగారు ఆమె వైపు చూడలేదు. నావైపు చూశారు. "రేపట్నుంచి కొస నువ్వే పట్టుకో, పెద్దదానా" అన్నారు.

అంతే. ఒక్క తిట్టు లేదు. ఆవిడ పోయేదాకా ఆ కొస నేనే పట్టుకున్నాను. చిన్నది గట్టు మీద బిందెతో నిలబడి, "అక్కా, అటు చూడు, గుంపు" అని చెప్పేది. కోరుకున్నది చేతికొచ్చింది కదా, కుళ్ళు పోవాలి. పోలేదు. మొదట ఆమెకు నీళ్ళ సంగతి తెలిసినందుకు ఏడ్చాను. ఆ తర్వాత ఆ ఒక్క అబద్ధం ఆడినందుకు ఏడుస్తున్నాను. నేను ఆమె చోట ఉంటే ఆ మాట అనేదాన్ని కాదని నాకు తెలుసు. ఎందుకలా చెప్పావని నేను అడగలేదు, ఆమె ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. కోడలిగా వచ్చినదాన్ని నేనూ అత్తనయ్యాను, జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగాయి. నాలో ఇంకా ముసలిది కానిది ఆమె మీద అసూయ ఒక్కటే.