పదకొండు అక్షరాల నాలుగో నంబరు

మా బస్టాండులో ఇరవై ఆరేళ్ళు అనౌన్సరుగా పనిచేసిన ఆవిడ ముఖం ఊళ్ళో చాలామందికి తెలియదు. గొంతు తెలియనివాళ్ళు మాత్రం లేరు. కూరగాయల దుకాణంలో ఆవిడ "అరకిలో ఇవ్వండి" అనగానే పక్కనున్నవాళ్ళు అప్రయత్నంగా సంచులు భుజాన వేసుకునేవారు. పంటి డాక్టరు దగ్గర నోరు తెరిచి "ఆ" అన్నా గుర్తుపట్టిన మనిషి ఒకాయన ఉన్నాడు. డిపోలో అందరం ఆవిడను అనౌన్సరమ్మ అనేవాళ్ళం. నేను ఆ గాజుగదిని ఆనుకుని ఉన్న ఎంక్వయిరీ కిటికీలో కూర్చునేదాన్ని. అందుకని ఈ సంగతుల్లో సగం కళ్ళారా చూశాను, మిగతా సగం ఆవిడ నోటే విన్నాను.

ఆవిడకొక పట్టుదల ఉండేది. ఏ ఊరి పేరైనా ఆ ఊరివాళ్ళు ఎలా అంటారో అలాగే అనాలి. కొత్త రూటు పడిందంటే మొదటి వారమంతా ఆ బస్సు దిగినవాళ్ళను ఆపి, "మీ ఊరి పేరు ఒకసారి చెప్పండి, ఇంకొక్కసారి" అని అడుగుతూ, వాళ్ళ పెదాలే చూస్తూ నేర్చుకునేది.

"ఎందుకక్కా ఇంత శ్రమ? ఎలా అన్నా బస్సు అక్కడికే వెళ్తుంది కదా," అన్నాను ఒకసారి.

"బస్సు వెళ్తుందే. ఆ ఊరివాడికి మాత్రం తన బస్సు కాదేమో అనిపిస్తుంది," అంది.

ఆ ఏడాది మా ఊరి స్టేడియంలో పదిహేడేళ్ళలోపు అమ్మాయిల అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీలు పెట్టారు. ఎనిమిది దేశాల జట్లు వచ్చాయి. మైకులో మాట్లాడడానికి రేడియోలో పనిచేసే ఒకాయనను కుదుర్చుకున్నారు. ఆయన రిహార్సల్లో "గోల్" అనే మాటను ఎంత పొడుగు సాగదీయగలడో చూపిద్దామని సాగదీసి, సాగదీసి, గొంతు పూర్తిగా పోగొట్టుకున్నాడు. పోటీలు ఇంక నాలుగు రోజులున్నాయి.

మర్నాడు పోటీల నిర్వాహకుడు బస్సులో వస్తున్న రిఫరీలను తీసుకెళ్ళడానికి బస్టాండుకు వచ్చాడు. మెడలో నాలుగు గుర్తింపు కార్డులు వేలాడేసుకుని, నడుస్తుంటే గలగలమనే మనిషి. కార్డులాయన అని అప్పుడే పేరు పెట్టేశాం. మైకు వినగానే నిలబడిపోయి, నా కిటికీ దగ్గరికి పరుగున వచ్చాడు.

"ఆ గొంతు టేపా, మనిషా?"

"మనిషే. టీ కూడా తాగుతుంది," అన్నాను.

గాజుగదిలోకి వెళ్ళి ఆవిడ ముందు చేతులు జోడించాడు. "అమ్మా, మీకు ఫుట్‌బాల్ తెలుసా?"

"అందులో బంతి ఉంటుందని తెలుసు."

"చాలమ్మా. మిగతాది మేం చూసుకుంటాం."

డిపో మేనేజరు పది రోజులు మధ్యాహ్నం పూట ఆవిడను వదలడానికి ఒప్పుకున్నాడు. కానీ ఆ మిగతాది చూసుకున్నది కార్డులాయన కాదు, ఆవిడ అత్తగారు.

అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. వినికిడి పోయి పదేళ్ళయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, ఆ సామెత వాళ్ళింట్లో పూటపూటా జరిగేది. ఊరంతటికీ వినపడే శంఖం ఆ ఇంట్లో ఉన్నా, అత్తగారు పెదాల కదలిక చూసి అర్థం చేసుకోవలసిందే. చెవులతో పని లేని కాలక్షేపం కావాలని ఆవిడ టీవీలో ఫుట్‌బాల్ పట్టుకున్నారు. ఏ దేశం ఆట వచ్చినా వదలరు. కోడలికి పిలుపు వచ్చిందని తెలియగానే భోజనాల బల్ల తుడిపించి, మందుల పెట్టె తెచ్చి ముందు పెట్టుకున్నారు.

"ఇదిగో, ఈ దగ్గుమందు సీసా వాళ్ళ గోల్‌కీపరు. ఈ రెండు చెంచాలూ వాళ్ళ డిఫెన్సు. నువ్వు ఉప్పు డబ్బావి. మనవాళ్ళు బంతి అందించే క్షణానికి నువ్వు చెంచాల్ని దాటేసి సీసా పక్కన కాచుకుని కూర్చున్నావనుకో, అది ఆఫ్‌సైడు."

"ముందుగా వెళ్తే తప్పేంటి అత్తయ్యా? చురుకైన పిల్ల అనాలి గానీ."

"క్యూ తప్పించి ముందుకు దూరినవాణ్ణి నువ్వు మైకులో చురుకైనవాడంటావా?"

అంతే, ఆఫ్‌సైడు ఒక్క దెబ్బకు బుర్రకెక్కింది.

అసలు చిక్కు పేర్లతో వచ్చింది. జట్టుకు ఇరవై ఒక్కరు, మొత్తం నూట అరవై ఎనిమిది పేర్లు. కార్డులాయన ఇచ్చిన కాగితం చూసి ఆవిడ తల అడ్డంగా ఊపింది. "రాతలో ఉన్నది నోట్లో ఉండదండీ. పిల్లల్నే అడగాలి," అని తిన్నగా వాళ్ళు దిగిన హోటలుకు వెళ్ళింది.

పిల్లలు తడి జుట్లతో, హోటలు చెప్పులతో లిఫ్టు ముందు వరుస కట్టారు. ఒక్కొక్కరూ పేరు చెప్పడం, ఆవిడ తిరిగి అనడం, తప్పయితే ఆ పిల్ల చూపుడువేలు ఊపడం, ఒప్పయితే వరుసంతా చప్పట్లు. ఒక జట్టులోని కవలలు ఒకరి పేరు ఒకరు చెప్పి ఆవిడను బోల్తా కొట్టించి, కిసకిస నవ్వుతుండగా కోచ్‌కు దొరికిపోయారు. నాలుగో జట్టు దగ్గరికొచ్చేసరికి లాబీలో ఫోన్ మోగినా ఎవరూ ఎత్తడం లేదు, రిసెప్షన్‌లో ఉన్నవాళ్ళు కూడా వచ్చి వరుస పక్కన నిలబడి పేర్లు వల్లిస్తున్నారు.

చివరి జట్టు ఒక చిన్న ద్వీపదేశానిది. మ్యాపులో ఈగ వాలితే కనపడనంత దేశం. ఆ జట్టులో నాలుగో నంబరు అమ్మాయి పొడుగ్గా, సన్నగా, భుజాలు కాస్త వంచి నిలబడింది. తన వంతు రాగానే పేరు చెప్పలేదు. నాలుగు వేళ్ళు చూపించింది.

కోచ్ వచ్చీరాని ఇంగ్లీషు మాటలు కూర్చి చెప్పింది. "పేరు చాలా పెద్దదండీ. ఎక్కడికి వెళ్ళినా ఎవరికీ నోరు తిరగదు. నాలుగో నంబరు అంటారు. తనకు అలవాటే."

"మా డొక్కు బస్సుకు కూడా ఊరి పేరు రాసి ఉంటుంది. ఇంత పిల్లకు ఒట్టి నంబరేంటి?" అంది అనౌన్సరమ్మ. "చెప్పమనండి. నాకేం తొందర లేదు."

ఆ అమ్మాయి చెప్పింది. పదకొండు అక్షరాలు. మూడో అక్షరం దగ్గర నాలుక అంగిట్లో కొట్టి టక్కున వదలాలి. ఏడో దగ్గర ఊపిరి ముక్కులోంచి పోవాలి. చివరి అక్షరాన్ని ఏదో ప్రశ్న అడిగినట్టు పైకి లేపి వదిలేయాలి. వాన వెలిసిన పొద్దున పుట్టిన పిల్ల అని దాని అర్థమట. అనౌన్సరమ్మ ఎనిమిదిసార్లు అని ఎనిమిదిసార్లూ తప్పింది. తొమ్మిదోసారి ఆ అమ్మాయే ఆవిడ గడ్డం పట్టుకుని కొంచెం పైకెత్తింది. అయినా కుదరలేదు. ఇద్దరూ నవ్వి నవ్వి సోఫాలో కూలబడ్డారు.

ఆవిడ భర్త కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు. ఆయన కంటి పరీక్ష బోర్డు మీద తెల్లకాగితం అంటించి, ఆ పేరును పై వరుసలో గుమ్మడికాయంత అక్షరాలతో, కింది వరుసల్లో చిన్నవి చేసుకుంటూ రాసి ఇచ్చాడు. దాన్ని గాజుగదిలో తగిలించుకుని ఆవిడ పొద్దుటి డ్యూటీలో సాధన మొదలుపెట్టింది. మొదటి రోజే మైకు కట్టేయడం మరిచిపోయింది.

పదకొండు అక్షరాలూ పన్నెండు ప్లాట్‌ఫారాల మీద మోగిపోయాయి. క్షణంలో నా కిటికీ ముందు ఏడుగురు.

"ఏ ప్లాట్‌ఫారమమ్మా?" "ఎక్స్‌ప్రెస్సా, ఆర్డినరీయా?" "పెద్దాసుపత్రి మీదుగా వెళ్తుందా?"

"అది బస్సు కాదండీ, ఒక అమ్మాయి పేరు," అన్నాను నవ్వాపుకుంటూ.

రెండు బుట్టలతో ఉన్న ముసలాయన ఆలోచించి, "అమ్మాయా? ఎక్కణ్ణుంచి వస్తోంది?" అన్నాడు.

"సముద్రం అవతలి నుంచి తాతా."

"అయితే లేటవుతుందిలే," అని బుట్ట మీద సర్దుకుని కూర్చున్నాడు.

పోటీలు మొదలయ్యాయి. మొదటి ఆటలో పన్నెండో నిమిషానికి గోలు పడింది. ఆవిడకు నేర్చుకున్న పేర్లన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయాయి. మైకు ముందు ఇరవై ఆరేళ్ళుగా వస్తున్న మాటలే నోటికొచ్చాయి. "ప్రేక్షకులకు విజ్ఞప్తి. తొమ్మిదవ నంబరు క్రీడాకారిణి కొట్టిన గోలు ఇప్పుడే వచ్చియున్నది."

స్టేడియం ఒక్క క్షణం గతుక్కుమని, తరువాత గొల్లున నవ్వింది. ఆవిడ సర్దుకుందామనుకునే లోపల కార్నరు వచ్చింది. "కార్నరు కిక్కు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది." ఆటగాళ్ళను మార్చారు. "పదకొండవ నంబరు దిగుచున్నారు. పదహారవ నంబరు ఎక్కుచున్నారు." జనం పొట్టలు పట్టుకున్నారు. ఆట అయ్యాక ఆవిడ బల్ల కిందికి దూరదామా అన్నట్టు కూర్చుంది. కార్డులాయన వచ్చాడు, తిడతాడనుకుంది. "రేపు కూడా ఇలాగే కానివ్వండమ్మా. టికెట్ల కోసం కొట్టుకుంటున్నారు," అన్నాడు.

మూడో రోజుకల్లా గోలు పడగానే ఆవిడ నోరు తెరవకముందే గ్యాలరీలన్నీ "వచ్చియున్నది" అని అరవడం మొదలైంది. ఆఫీసుల్లో కూడా అదే వరస. టీ వస్తే, వచ్చియున్నది. మేనేజరు వస్తే, మెల్లగా, వచ్చియున్నది.

ద్వీపం పిల్లలు మాత్రం మొదటి ఆట ఐదు సున్నాతో, రెండోది ఏడు సున్నాతో ఓడిపోయారు. మూడో ఆట, అంటే వాళ్ళ ఆఖరి ఆట, మన జట్టుతో. ఆ మధ్యాహ్నం కార్డులాయన ఆవిడ పక్కన చేరి గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఇవాళ మన గోలుకు కాస్త గట్టిగా, హుషారుగా. వాళ్ళు కొట్టరనుకోండి, ఒకవేళ కొడితే ఏదో ముక్తసరిగా."

"మా డిపో బస్సుకొక గొంతు, పక్క డిపో బస్సుకొక గొంతు నా దగ్గర లేదండీ. ఉన్నది ఒకటే," అంది. ఆయన కార్డులు గలగలలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

మేమంతా వెళ్ళాం. అత్తగారు మొదటి వరుసలో, నేను ఆవిడ పక్కన. సగం ఆట అయ్యేసరికి మన జట్టు మూడు గోల్స్ కొట్టింది. మూడింటికీ స్టేడియం ఎగిరింది. డెబ్బై ఒకటో నిమిషంలో బంతి ఎలాగో నాలుగో నంబరు దగ్గరికి వచ్చింది. ఆ అమ్మాయి మైదానం సగంలో ఉంది. ఎవరూ మీదికి రాలేదు, భయపడవలసిందేముందని. కోచ్ పక్కకు ఇవ్వమని చేతులూపుతోంది. ఆ అమ్మాయి తలెత్తి చూసింది. మన గోల్‌కీపరు గోలుపోస్టు వదిలి బాగా ముందుకొచ్చి ఎవరితోనో కబుర్లాడుతోంది. తన్నింది. బంతి పైకి పోయి, అక్కడే కాసేపు ఉండి, తీరిగ్గా దిగి, ఒక గెంతు గెంతి, వెనక్కి పరిగెత్తుతున్న గోల్‌కీపరు తల మీదుగా లోపలికి వెళ్ళింది.

పన్నెండు వేల మంది మూగబోయారు. ద్వీపం పిల్లలకు గోలు కొట్టాక ఏం చేయాలో తెలియక ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. ఆ నిశ్శబ్దంలో మైకు టిక్కుమంది.

"ప్రేక్షకులకు విజ్ఞప్తి." తరువాత ఆ పేరు. తొందర లేకుండా, పదకొండు అక్షరాలూ. మూడోదాని దగ్గర నాలుక టక్కుమంది, ఏడోదాని దగ్గర ఊపిరి ముక్కులోంచి పోయింది, చివరిది ప్రశ్నలా లేచింది. "కొట్టిన గోలు ఇప్పుడే వచ్చియున్నది."

ఆ అమ్మాయి నిలబడిపోయింది. ఎవరో పిలిచినట్టు చుట్టూ చూసింది. కార్నరు జెండా వెనక ఎత్తయిన స్తంభం మీద లౌడ్‌స్పీకరు కనపడింది. ఒక్క పరుగున వెళ్ళి ఆ స్తంభాన్ని రెండు చేతులా కావలించుకుంది. మిగతా పదిమందీ వెళ్ళి ఆమె మీద పడ్డారు. రిఫరీ పసుపు కార్డు కోసం జేబులో చెయ్యి పెట్టి ఆలోచించింది. స్తంభాన్ని కౌగిలించుకోకూడదని ఏ నిబంధనలోనూ లేదు. చెయ్యి తీసేసి, నవ్వు దాచుకోవడానికి గడియారం చూసుకుంది.

అప్పుడు గ్యాలరీలో ఎవరో ఆ పేరు అనబోయి మూడో అక్షరం దగ్గర బోర్లాపడ్డారు. ఇంకొకరూ అంతే. "మళ్ళీ చెప్పండి," అని ఒక మూల నుంచి కేక, తరువాత నాలుగు మూలల నుంచీ. ఆవిడ మళ్ళీ చెప్పింది, ముక్కలు చేసి. జనం అన్నారు. "మూడోది బాగాలేదు," అంది మైకులోనే. మళ్ళీ అన్నారు. ఐదోసారికి పన్నెండు వేల నాలుకలు ఒక్కసారిగా టక్కుమన్నాయి. కార్డులాయన అరుస్తూ ఎగిరిన ఎగురుడుకు రెండు కార్డులు తెగి ఎటో పోయాయి.

అత్తగారు ఆటవైపు చూడడం మానేసి వెనక్కి తిరిగి గ్యాలరీలనే చూస్తున్నారు. "ఇన్ని నోళ్ళు ఒకేలా కదలడం నా జన్మలో చూడలేదే," అని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ పేరు ఆవిడ పెదాల మీద కూడా కదులుతోంది.

మన జట్టు ఇంకొకటి కొట్టి నాలుగు ఒకటితో గెలిచింది. దానికీ అనౌన్సరమ్మ అదే గొంతుతో చెప్పింది. ఎవరూ తప్పుపట్టలేదు.

మర్నాడు విమానాశ్రయానికి వెళ్తూ ద్వీపం జట్టు బస్టాండు ముందు ఆగింది. నాలుగో నంబరు అమ్మాయి తన చొక్కా మడతపెట్టి ఆవిడ ఒళ్ళో పెట్టింది. కోచ్ చెప్పింది. "వాళ్ళమ్మకు వీడియో పంపింది. ఆవిడ గోలు సరిగ్గా చూడనే లేదట. పేరు వినపడే చోటికి మళ్ళీ మళ్ళీ తిప్పుకుని వింటోందట."

అనౌన్సరమ్మ ఏదో చెప్పబోయింది, గొంతు పెగల్లేదు. అన్నేళ్ళలో ఆ గొంతు మొరాయించడం నేను చూసింది అదొక్కసారే. పది నిమిషాలు బస్సులన్నిటికీ నేనే అనౌన్స్ చేశాను, రెండిటిని తప్పు ప్లాట్‌ఫారాలకు పంపించాను.

తరువాత రెండేళ్ళకు ఆవిడ రిటైరైంది. ఈ లోపలే ఇంకో ఊళ్ళో పోటీలకు పిలుపొచ్చింది, తరువాత ఇంకోచోటికి. ఇప్పుడు ఏడాదికొకసారైనా పెట్టె సర్దుకుని వెళ్తుంది. అత్తగారిని వదిలి వెళ్ళడం కుదరదు, ఆవిడ ఊరుకోరు. భర్త దుకాణానికి తాళం వేసి వెనకే నడుస్తాడు.

మొన్న ఫోన్ చేసింది. ఈసారి వస్తున్న ఒక గోల్‌కీపరు పేరు మరీ కష్టంగా ఉందట.

"ఎన్ని అక్షరాలక్కా?" అన్నాను.

"ఒకటే. ఒక్క అక్షరమే తల్లీ. వారం నుంచి ఆరు రకాలుగా అంటున్నాను, ఆరూ తప్పేనట," అని పగలబడి నవ్వుతూ ఆ ఆరూ వినిపించింది. నేనూ ప్రయత్నించాను. ఆవిడ అటునుంచీ, నేను ఇటునుంచీ ఆ ఒక్క అక్షరాన్నే పట్టుకుని పావుగంట కుస్తీ పట్టాం. మావారు వంటింట్లోంచి మంచినీళ్ళ గ్లాసు పట్టుకొచ్చి, ఎక్కిళ్ళు ఎప్పటినుంచి అని అడిగారు.