ప్లస్ సీ

ఆ రోజుల్లో మా కాలేజీకి ఇంటర్నెట్టు ప్రిన్సిపాల్ గారి ఫోను తీగ మీదే రావాలి. ఆయన మాట్లాడుతుంటే మా లెక్కలు ఆగేవి, మా లెక్కలు నడుస్తుంటే ఆయనకు ఇంటి కబురు అందేది కాదు. గుంటూరు మిర్చి యార్డు పక్క కాలేజీ. నాకు పాతికేళ్లు, ఉద్యోగం తాత్కాలికం, నోరు మాత్రం పర్మనెంటు. (ఇప్పటికీ దానికి రిటైర్మెంటు లేదు.) పిల్లల్లో ఎక్కువమంది దర్శి వైపు పల్లెల వాళ్లు, ఇంటిగ్రేషన్ అంతా చక్కగా చేసి, చివర రాయాల్సిన స్థిరరాశి ‘సీ’ మరిచిపోయి మార్కులు పోగొట్టుకునేవారు. అందుకని ఒక అలవాటు చేశాను. జవాబు రాసి సుద్దముక్క కింద పెట్టగానే క్లాసంతా "ప్లస్ సీ" అనాలి. పక్క గదిలో పాఠం చెడిపోతోందని ఫిర్యాదులొచ్చినా నేను మానలేదు.

అప్పుడే ల్యాబుకు లెక్కలు చేసే సాఫ్ట్‌వేరు సీడీ కొనాలా, నెట్‌లో ఉచితంగా దొరికేది చాలా అని తగవొచ్చింది. మా హెడ్డు గారు సీడీ పక్షం. (పిల్లలు ఆయనకు పెట్టిన పేరు లాగ్ టేబుల్, ఆ పుస్తకం జేబులో లేకుండా ఆయన్ను చూసినవాళ్లు లేరు.) "ఊరికే వచ్చేదాన్ని నమ్మి పాఠం చెబుతామా అమ్మాయ్?" అన్నారు. సీడీ ఒక్క కంప్యూటర్లోనే పనిచేస్తుందనీ, అరవైమంది దాని చుట్టూ మూగి ఒకరి వీపు ఒకరు చూడాలా అనీ నేను ఎదురు తిరిగాను. మాటా మాటా పెరిగి, నెట్‌లోది ఒక్క లెక్క తప్పినా నా కాలిక్యులస్ క్లాసు మీకే వదిలేస్తానన్నాను. ఆ క్లాసు నా ప్రాణమని తెలిసే ఆయన వెంటనే సరేనన్నారు.

పరీక్ష పిల్లల ముందే, ప్రిన్సిపాల్ గారి సమక్షంలో. రెండు సైన్ ఎక్స్ కాస్ ఎక్స్‌ను ఇంటిగ్రేట్ చేయమన్నారు హెడ్డు గారు. షాపువాడు చూడమని ఇచ్చిన సీడీ చిటికెలో మైనస్ కాస్ స్క్వేర్ అంది. నెట్టు కాసేపు మూలిగి సైన్ స్క్వేర్ అంది. ఆయన రెండూ బోర్డు మీద పక్కపక్కనే రాసి, "చూశారాండీ, ఉచితం సంగతి" అన్నారు. నా నోట మాట లేదు. ప్రిన్సిపాల్ గారు మిర్చి ఘాటేమో అనుకుని మంచినీళ్లు తెప్పించబోయారు. హెడ్డు గారు తృప్తిగా సుద్దముక్క కింద పెట్టారు.

క్లాసంతా ఒక్క గొంతుతో "ప్లస్ సీ" అంది.

నాకు అప్పుడు వెలిగింది. బోర్డు దగ్గరికి వెళ్లి సైన్ స్క్వేరు, కాస్ స్క్వేరు కలిపితే ఒకటని రాశాను. రెండు జవాబులకూ తేడా ఆ ఒకటే. అది స్థిరరాశిలో కలిసిపోతుంది. రెండూ ఒప్పే, రెండూ సీ మరిచాయి. హెడ్డు గారు కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, "రెంటికీ అరమార్కు కోసెయ్ అమ్మాయ్. క్లాసు నువ్వే చెప్పుకో" అన్నారు. రెండూ ఒప్పే అయినప్పుడు డబ్బు దండగెందుకని ల్యాబుకు ఉచితమే ఖాయమైంది.

ఇప్పుడు ఫోనే జవాబు చెబుతుంది. అది సీ రాయకపోతే నేనే పెన్నుతో చేరుస్తాను. ఆ పందెం నేనే గెలిచానని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను గానీ, నిజానికి ఆ రోజు నేను నోరు మూసుకునే ఉన్నాను. జీవితంలో అలా ఉన్నది ఆ ఒక్క నిమిషమే. పాఠం బాగా చెప్పానని తెలిసిందీ అప్పుడే.